న్యూజిలాండ్‌లో పోసమ్‌ల బాధ: పట్టి వదిలేయాలా, చంపాలా?

వైకాటో_తోట:

అందరికీ నమస్తే. ఆక్లండ్ నుంచి ఈమధ్యే వైకాటోలో ఒక చిన్న లైఫ్‌స్టైల్ బ్లాక్‌కి, అంటే ఊరి బయట కాస్త పొలం ఉన్న ఇంటికి, మారాం. ఇంటి వెనక వాగు, వాగు అవతల పక్కవాళ్ళ పైన్ చెట్లు, చాలా బాగుంది అనుకుంటూ వచ్చాం కానీ ఇప్పుడు చీకటి పడితే చాలు కప్పు మీద దబదబా పరుగులు, ఒకటి గొంతు గీరుకున్నట్టు అరుస్తుంది, ఇంకోటి బుసకొడుతుంది, మా చిన్నది ఉలిక్కిపడి లేచి ఏడుస్తోంది. పోనీ సర్దుకుందాం అంటే చెట్లు మిగలట్లేదు. గులాబీకి మొగ్గ వచ్చిందంటే తెల్లారేసరికి ఉండదు, ప్లమ్ చెట్టు చిగుళ్ళన్నీ పోయాయి, నిమ్మకాయలకైతే తొక్క మొత్తం గీరి తినేసి లోపలి కాయని అలాగే కొమ్మకి వదిలేస్తున్నాయి. టార్చ్ వేసి చూస్తే కుచ్చు తోక, పెద్ద చెవులు, ఎర్రగా మెరిసే కళ్ళు, బాగా బలిసిన పిల్లి అంత ఉంది, కదలకుండా నన్నే చూస్తూ కూర్చుంది. పోసమ్ అంట, కంగారూలా పొట్ట దగ్గర సంచిలో పిల్లని మోసే జంతువు.

మెల్‌బోర్న్‌లో ఉండే మా అన్నయ్య బోను పెట్టి పట్టుకుని దూరంగా అడవిలో వదిలేయమ్మా అంటున్నాడు. ఇక్కడ పక్కింటి పెద్దాయనేమో చంపడం తప్ప వేరే దారి లేదంటాడు. మావారికి చంపడమంటే అస్సలు ఇష్టం లేదు, నాకూ మనసొప్పట్లేదు. ఇంట్లో కుక్క ఉంది, పిల్లి ఉంది, కాబట్టి విషం అంటే ఇంకా భయం. ఇక్కడ రూల్స్ ఏంటి, ఏ ట్రాప్ మంచిది, చంపకుండా చెట్లని కాపాడుకునే దారి ఏమైనా ఉందా, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

---

ట్రాప్‌లైన్_వెల్లింగ్టన్:

అక్కా, ముందు మీ అన్నయ్య మాట పక్కన పెట్టేయండి, ఎందుకంటే మిగతా అన్నిటికన్నా అదే ముఖ్యం. న్యూజిలాండ్‌లో పోసమ్‌ని ప్రాణంతో పట్టుకుని ఇంకోచోట వదలడం నేరం. 1993 బయోసెక్యూరిటీ చట్టం కింద దీన్ని అన్‌వాంటెడ్ ఆర్గనిజమ్ అని ప్రకటించారు, అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించకూడదు, వదలకూడదు, ముద్దుగా ఉంది కదా అని పర్మిషన్ లేకుండా పెంచుకోనూ కూడదు. ఆస్ట్రేలియాలో కథ పూర్తిగా వేరు, అక్కడ అది సొంత దేశపు జంతువు, చట్టం కాపాడుతుంది. అయినా మీ అన్నయ్య ఉండే విక్టోరియా రాష్ట్రంలో కూడా దూరంగా తీసుకెళ్ళి వదలడానికి లేదు, పట్టిన చోటికి 50 మీటర్లలోపే, అదీ అదే రోజు చీకటిపడ్డాక వదలాలి, ఎందుకంటే కొత్త చోట దానికి నిలువ నీడ దొరక్క వేరే పోసమ్‌లతో కొట్లాడి ఎక్కువ భాగం చచ్చిపోతాయి. కాబట్టి దూరంగా వదలడం అక్కడా దయ కాదు, ఇక్కడైతే ఇంకొకరి తోటకీ ఇంకో అడవికీ అదే బాధ అంటగట్టడం.

ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయో తెలిస్తే మీ సందేహం సగం తీరుతుంది. బొచ్చు వ్యాపారం కోసం 1837లో ఆస్ట్రేలియా నుంచి మొదటిసారి తెచ్చారు, అవి నిలవలేదు, 1858లో మళ్ళీ తెచ్చినవి నిలదొక్కుకున్నాయి. ఆ తర్వాత 1920ల దాకా దేశం నలుమూలలా తీసుకెళ్ళి వదులుతూనే ఉన్నారు, కొన్నాళ్ళు వాటికి చట్టపరమైన రక్షణ కూడా ఇచ్చారు. అడవులు ఎండిపోతున్నాయని గమనించి 1940ల చివరికి ఆ రక్షణ ఎత్తేశారు, 1951 నుంచి దాదాపు పదేళ్ళు చంపినవాళ్ళకి తలకింత అని డబ్బులిచ్చారు. అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఒక దశలో దేశంలో 7 కోట్ల దాకా ఉన్నాయని లెక్క వేశారు, తర్వాతి అంచనాల్లో అది సుమారు 3 కోట్లు.

ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ ఆకులోనే విషం లాంటి పదార్థాలు ఉంటాయి, డింగోలనే అడవి కుక్కలు ఉంటాయి, తిండికి పోటీపడే జంతువులు ఉంటాయి, అందుకని అక్కడ అదుపులో ఉంటాయి. ఇక్కడ గబ్బిలాలు తప్ప నేలమీద తిరిగే సొంత పాలిచ్చే జంతువే లేదు, కాబట్టి ఆకు తినే ఇలాంటి జంతువుని తట్టుకోవడం ఇక్కడి చెట్లకి తెలీదు. పోసమ్‌కి ఇంకో అలవాటుంది, ఒక చెట్టు రుచి పట్టిందంటే రోజూ రాత్రి అదే చెట్టుకి వస్తుంది, చిగురు వేయడం ఆలస్యం తినేస్తుంది, అలా రాటా, కామాహి, కొహెకొహె లాంటి పెద్ద పెద్ద చెట్లే కొన్నేళ్ళలో మోడు అయిపోతాయి. మీ ప్లమ్ చెట్టుకి జరుగుతున్నది కూడా అదే.

ట్రాప్‌ల సంగతి విడిగా రాస్తా, ఇది ఇప్పటికే పెద్దదయింది. ఈలోపు ఒక పని చేయండి. నిమ్మకాయ తొక్క గీరడం ఎలుకలు కూడా చేస్తాయి, కాబట్టి ముందు ఏది ఎక్కువ వస్తోందో తేల్చుకోండి. చ్యూ కార్డ్ అని దొరుకుతుంది, ప్లాస్టిక్ అట్ట ముక్క, లోపలి గొట్టాల్లాంటి సందుల్లో పీనట్ బటర్ పూసి ఉంటుంది, దాన్ని చెట్టు మొదలుకి మేకుతో కొట్టి కొన్ని రాత్రులు వదిలేయండి. ఎలుక కొరికితే అంచున సన్నగా దగ్గర దగ్గరగా జంట గీతల్లా ఉంటాయి. పోసమ్ అయితే అట్టని నమిలి నలిపేసి వెడల్పుగా చీల్చి పడేస్తుంది, ఒక్కసారి చూస్తే ఇంక పొరపాటు పడరు.

---

పాలమంద_సౌత్‌లాండ్:

నేను డెయిరీ ఫామ్‌లో పని చేస్తా, కాబట్టి ఆవుల వైపు నుంచి ఒక మాట. ఇక్కడ రైతులు పోసమ్ అంటే అంత గట్టిగా ఎందుకుంటారో మన తెలుగువాళ్ళకి మొదట్లో అర్థం కాదు, తోట పాడుచేస్తే ఇంత కోపమా అనుకుంటారు. అసలు కారణం టీబీ. ఆవుల నుంచి పోసమ్‌లకి అంటుకుంది, 1967లో మొదటిసారి జబ్బు ఉన్న పోసమ్‌ని గుర్తించారు, ఇప్పుడు అడవిలో ఆ జబ్బుని నిలబెట్టి తిరిగి ఆవులకీ జింకలకీ అంటించేది ఎక్కువగా ఇదే. జబ్బు ముదిరిన పోసమ్ పగలే పచ్చికలో తూలుతూ పడుతూ తిరుగుతుంది, ఆవులకి తెలియనిదాన్ని చూస్తే ఊరుకోవు కదా, చుట్టూ చేరి వాసన చూసి నాకుతాయి, అక్కడే అంటుకుంటుంది.

1990ల మధ్యలో దేశం మొత్తం మీద 1,700కి పైగా మందల్లో టీబీ ఉండేది. పాజిటివ్ వచ్చిన ఆవుని కబేళాకి పంపాలి, మంద మొత్తం కదలడానికి వీల్లేకుండా ఆంక్షలు పెడతారు, అమ్మడానికి ఉండదు, మేతకి వేరే చోటికి తోలడానికి ఉండదు, రైతు కుటుంబం నలిగిపోతుంది. పోసమ్‌లని ఏళ్ళ తరబడి తగ్గించుకుంటూ, ఆవులకి టెస్టులు చేసుకుంటూ వస్తే ఇప్పుడు ఆ మందలు చాలా చాలా తక్కువకి వచ్చాయి. ఓస్‌ప్రి అనే సంస్థ ఈ పని చూస్తుంది, 2055 నాటికి దేశంలో టీబీ అనేదే లేకుండా చేయాలని లక్ష్యం.

అందుకని అక్కా, చచ్చిన పోసమ్‌ని ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, గ్లవ్స్ తప్పనిసరి, కోసి చూసే పని అసలే వద్దు, కుక్కని దగ్గరికి రానివ్వద్దు. టీబీ ఒక్కటే కాదు, లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) కూడా మోస్తుంది. కుక్క తవ్వలేనంత లోతుగా గుంట తీసి పూడ్చేయండి, వాగుకి మాత్రం దూరంగా.

---

వేపచెట్టు_నీడ:

నేను వేరేలా ఆలోచిస్తా, ఎవరూ కోపం తెచ్చుకోకండి. దాన్ని ఇక్కడికి తెచ్చింది మనుషులు, డబ్బు కోసం తెచ్చారు, ఇప్పుడు పనికిరాదని చంపుతున్నారు. అది చేసిన పాపం ఏముంది? ఇక్కడ స్కూళ్ళలో పిల్లలతో కూడా ట్రాప్‌లు పెట్టిస్తున్నారు, చిన్నప్పటి నుంచే ఫలానా జంతువుని చంపితే మంచిది అని నేర్పడం నాకు అస్సలు నచ్చట్లేదు. కడుపులో పిల్ల ఉన్న తల్లిని చంపడం ఇంకా ఘోరం. పిల్లలు పుట్టకుండా చేసే మందులాంటిది ఏదైనా వాడొచ్చు కదా?

---

ట్రాప్‌లైన్_వెల్లింగ్టన్:

వేపచెట్టు గారూ, మీరన్నది తప్పు కాదు, దాని పాపం ఏమీ లేదు. నేను ట్రాప్ తీసి చూసిన ప్రతిసారీ నాకూ బాధగానే ఉంటుంది, ఆ బాధ లేనివాళ్ళు ఈ పనికి రాకపోతేనే మంచిదని కూడా అనిపిస్తుంది. కానీ మనం చంపకుండా ఉంటే ప్రాణం పోకుండా ఆగట్లేదు, పోయే ప్రాణం వేరేది అవుతోంది అంతే. పోసమ్ ఆకులే తింటుందని చాలాకాలం అందరూ అనుకున్నారు. 1993లో కోకాకో పిట్టల గూళ్ళ దగ్గర కెమెరాలు పెడితే పోసమ్ వచ్చి గుడ్లు తినడం, పిల్లల్ని తినడం రికార్డయింది. కోకాకో అంటే బూడిదరంగు ఒళ్ళు, ముక్కు కింద నీలం తిత్తులు, దాని పాట వింటే అడవి మొత్తం ఆగి వింటున్నట్టు ఉంటుంది. అది ఈ దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు, పోసమ్‌కి మాత్రం ఆస్ట్రేలియా అంతా ఉంది. నేను నిలబడే చోటు ఇదే.

పిల్లలు పుట్టకుండా చేసే పద్ధతుల మీద ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది, కానీ అడవిలో లక్షల ఎకరాల్లో వాడేంతగా ఏదీ ఇంకా చేతికి రాలేదు. వచ్చిన రోజు అందరికన్నా ముందు సంతోషించేది ట్రాప్‌లు పెట్టేవాళ్ళే.

చంపడం వల్ల లాభం ఉందా అంటే, ఉంది, కళ్ళ ముందు కనిపిస్తుంది. కాపిటి దీవిలో 1980 నుంచి 1986 దాకా 22 వేలకి పైగా పోసమ్‌లని తీసేశారు, ఇప్పుడు ఆ దీవి మొత్తం పక్షులదే. ఆక్లండ్ ఎదురుగా రంగిటోటో దీవి మీద పొహుటుకావా చెట్లని పోసమ్‌లూ, చిన్న కంగారూల్లాంటి వాలబీలూ తినేసి ఎండగొడుతుంటే 1990ల్లో రెండిటినీ నిర్మూలించారు, చెట్లు మళ్ళీ నిండుగా వచ్చాయి. మా వెల్లింగ్టన్‌లో మిరమార్ ద్వీపకల్పంలో 2006 నుంచి పోసమ్ లేదు, అదేమీ మారుమూల అడవి కాదు, ఎయిర్‌పోర్ట్ పక్కన జనం ఉండే చోటు.

ఇక అక్కా, మీ ట్రాప్ సంగతి. కొత్తవాళ్ళకి టిమ్స్ ట్రాప్ తేలిక, పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా, ముందు ఒక కన్నం ఉంటుంది, లోపల ముల్లుకి ఆపిల్ ముక్క గుచ్చి, పైన దాల్చినచెక్క పొడి చల్లి, తాడు లాగి సెట్ చేస్తారు. పోసమ్ తల లోపల పెట్టి ఆపిల్ లాగగానే మెడ దగ్గర పడుతుంది, త్వరగా ప్రాణం పోతుంది. కానీ మీ ఇంట్లో పిల్లి ఉంది కాబట్టి నేలమీద పెట్టేవి నేను చెప్పను. పిల్లి సాధారణంగా ఆపిల్ జోలికి రాదు, అయినా తల దూర్చి చూసే పిల్లులుంటాయి. మీకు చెట్టుకి బిగించే రకం మంచిది, ట్రాపినేటర్ గానీ ఫ్లిప్పింగ్ టిమ్మీ గానీ, నేలకి బాగా ఎత్తులో పెట్టండి, కుక్కకీ అందదు. కివి, వేకా లాంటి నేలమీద తిరిగే పక్షులు ఉన్న ప్రాంతాల్లో ఎలాగూ ఎత్తులోనే పెట్టాలి.

పెట్టగానే సెట్ చేయకండి, అందరూ తొందరపడేది ఇక్కడే. ముందు కొన్ని రాత్రులు ట్రాప్‌ని తెరిచి ఊరికే ఉంచి ఆపిల్ పెట్టండి, భయం లేకుండా వచ్చి తినడం అలవాటు కావాలి. మైదా 5 పాళ్ళు, ఐసింగ్ షుగర్ 1 పాలు కలిపి కొంచెం దాల్చినచెక్క పొడి వేసి చెట్టు మొదలు నుంచి ట్రాప్ దాకా బెరడు మీద తెల్లగా పట్టీలా రుద్దండి. చీకట్లో ఆ తెలుపు కనిపిస్తుంది, వాసన లాగుతుంది, నాక్కుంటూ పైకి వస్తుంది. వాన పడితే మళ్ళీ రుద్దాలి. చోటు ఎంచుకునేటప్పుడు పచ్చిక అంచు, కంచె వెంట నడిచి చూడండి, గడ్డి అణిగి సన్నటి దారి కనిపిస్తుంది, బెరడు మీద గోళ్ళ గీతలు, కింద పెంటికలు ఉంటాయి, అక్కడ పెట్టండి. మీ వాగు గట్టూ పైన్ చెట్లూ కలిసే మూల ఉంటే అదే మొదటి చోటు అనుకోండి.

బోను వాడొద్దని కాదు, వాడొచ్చు, పిల్లి పడితే వదిలేయొచ్చు కూడా. కానీ ప్రాణంతో పట్టేది ఏదైనా సరే రోజూ సూర్యోదయం అయిన 12 గంటల్లోపు వెళ్ళి చూసి తీరాలి, అది చట్టం, పైగా పట్టాక దాన్ని చంపాల్సింది మీరే. బోనుతో సహా నీళ్ళలో ముంచేస్తారు కొందరు, అది పరమ క్రూరం, ఎవరు చెప్పినా చేయకండి. మీకూ మీవారికీ మనసొప్పదు అన్నారు కాబట్టి వెంటనే చంపే ట్రాపే మీకు సరైనది.

---

వైకాటో_తోట:

అందరికీ చాలా థాంక్స్ అండి. మావారితో కూర్చుని మొత్తం చదివించాను, కోకాకో సంగతి చదివి ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, సరే ట్రాప్ తెద్దాం అన్నారు. ఇంకా మూడు అడగాలి. తల్లి దొరికితే సంచిలో పిల్ల ఉంటే ఏం చేయాలి? ట్రాప్ కాకుండా చెట్లకి అడ్డం ఏమైనా కట్టొచ్చా? వీకెండ్‌లో మేం కుక్కని తీసుకుని వాకింగ్ ట్రాక్‌లకి వెళ్తాం, పోసమ్‌లకి 1080 అనే విషం వేశామని పెట్టే బోర్డులు చూస్తే భయమేస్తోంది, అది నిజంగా అంత ప్రమాదమా?

---

పాలమంద_సౌత్‌లాండ్:

కుక్క విషయంలో భయపడటం కరెక్టే, ఆ భయం ఉండాలి. 1080 అనేది సోడియం ఫ్లోరోఅసిటేట్, కుక్కలకి చాలా చాలా ప్రమాదం, దానికి విరుగుడు మందు లేదు. గుళిక తిననక్కర్లేదు, విషంతో చచ్చిన పోసమ్‌ని కొరికినా చాలు. ట్రాక్ మొదట్లో హెచ్చరిక బోర్డు ఉందంటే అది తీసేసేదాకా కుక్కని ఆ దరిదాపులకి తీసుకెళ్ళొద్దు, తాడు కట్టి తీసుకెళ్తాంలే అని కూడా అనుకోవద్దు.

నీళ్ళలో కలిసిపోయి మనల్ని చంపేస్తుంది అని జరిగే ప్రచారం మాత్రం వేరే సంగతి. అది నీళ్ళలో పలచబడి, నేలలో సూక్ష్మజీవుల వల్ల విరిగిపోతుంది, పేరుకుపోదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంటుంది. 2011లో అప్పటి పార్లమెంటరీ ఎన్విరాన్‌మెంట్ కమిషనర్ జ్యాన్ రైట్ మొత్తం పరిశీలించి వాడకం ఆపొద్దు, ఇంకా ఎక్కువ వాడాలి అని రిపోర్ట్ ఇచ్చారు. మనుషులు నడిచి వెళ్ళలేని కొండల్లో హెలికాప్టర్ నుంచి వేయడం తప్ప ఇంకో దారి ఇప్పటికి లేదు. ఇక్కడ దీన్ని గట్టిగా వ్యతిరేకించేవాళ్ళూ ఉన్నారు, వేటకి వెళ్ళేవాళ్ళకి జింకల గురించి బాధ ఉంటుంది, వాళ్ళ మాటని కొట్టిపారేయను.

మీ ఇంట్లో వాడేది అది కాదులెండి, దానికి లైసెన్స్ కావాలి. దుకాణంలో దొరికే బ్రోడిఫాకూమ్ అనే విషం గుళికలు మాత్రం మీరు కొనొద్దు. అది ఒంట్లో నెలల తరబడి ఉండిపోతుంది, చచ్చిన ఎలుకని తిన్న పిల్లికీ, పోసమ్‌ని పీక్కుతిన్న కుక్కకీ ఎక్కుతుంది. ఇంట్లో జంతువులు ఉన్నవాళ్ళకి ట్రాపే మేలు.

---

ట్రాప్‌లైన్_వెల్లింగ్టన్:

మిగతా రెండిటికి నేను చెప్తా.

పిల్ల గురించి ముందు, ఎందుకంటే అది వేపచెట్టు గారు కూడా అడిగారు. పోసమ్‌కి సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్ల, ఎక్కువగా ఇక్కడి ఆటమ్‌లో, కొన్నిచోట్ల స్ప్రింగ్‌లో కూడా పుడుతుంది, నాలుగైదు నెలలు సంచిలో ఉండి తర్వాత వీపు మీద తిరుగుతుంది. కాబట్టి ఆడది దొరికిన ప్రతిసారీ గ్లవ్స్ వేసుకుని సంచిలో చూడాలి. చూడకుండా పూడ్చేస్తే లోపలి పిల్ల గంటల తరబడి బాధపడుతుంది, అంతకన్నా అన్యాయం ఉండదు. పిల్ల ఉంటే తలమీద ఒక్క గట్టి దెబ్బతో వెంటనే పోయేలా చేయడమే దానికి మనం చేయగలిగిన మంచి. రాయడం కష్టంగా ఉంది, చేయడం ఇంకా కష్టం. మీవల్ల కాకపోతే పక్కింటి పెద్దాయన్ని పిలవండి, ఆయన ఇన్నేళ్ళుగా అక్కడ ఉన్నాడంటే ఆయనకి తెలిసే ఉంటుంది. అందుకే పిల్ల పుట్టే కాలానికి ముందే, వేసవిలోనే గట్టిగా ట్రాప్ చేయడం అన్ని విధాలా నయం.

చెట్టుకి అడ్డం కట్టొచ్చు. సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నున్నటి రేకు మొదలు చుట్టూ, నేల నుంచి ఒక మీటర్ ఎత్తులో చుట్టండి, గోళ్ళు దిగవు, జారిపోతుంది. కానీ పక్కన కంచె, గోడ, ఇంకో చెట్టు కొమ్మ ఏదైనా అందేట్టు ఉంటే దాని మీద నుంచి దూకేస్తుంది, కాబట్టి విడిగా ఉన్న ప్లమ్, నిమ్మకి పనికొస్తుంది, గులాబీలకి పనికిరాదు. రేకుని మరీ బిగించకండి, చెట్టు లావెక్కుతుంది కదా. కప్పు సంగతి కూడా చూడండి, ఇంటి మీదకి వంగిన కొమ్మలు నరికేసి, లోపలికి పోయే సందు ఎక్కడుందో వెతికి, రాత్రి అది బయటికి వెళ్ళాక మూసేయండి, లోపల ఉండగా మూస్తే కప్పులోనే చచ్చి కంపు కొడుతుంది.

ఇంకో మాట, మీ ఒక్కరి బ్లాక్‌లో పట్టినంత మాత్రాన ఆగదు. చోటు ఖాళీ అయితే పక్క నుంచి కొత్తవి వస్తాయి, ముఖ్యంగా వయసొచ్చిన మగవి కిలోమీటర్ల దూరం నడిచి వస్తాయి. ఆ పైన్ చెట్ల వాళ్ళతో మాట్లాడి అటువైపు కూడా ఒక ట్రాప్ పెట్టించండి, మీ రీజినల్ కౌన్సిల్‌కి ఫోన్ చేసి మీ దగ్గర్లో ట్రాపింగ్ గ్రూప్ ఏదైనా ఉందా అడగండి, చాలా గ్రూపులు ట్రాప్‌లు అరువు ఇస్తాయి, మొదటిసారి వచ్చి ఎలా పెట్టాలో చూపిస్తారు కూడా. ట్రాప్ డాట్ ఎన్‌జెడ్ అనే యాప్‌లో ఎప్పుడు ఎక్కడ ఏం పడిందో నమోదు చేయండి. 2016లో మొదలుపెట్టిన ప్రెడేటర్ ఫ్రీ 2050, అంటే 2050 నాటికి ఇలాంటి బయటి జంతువులు లేకుండా చేయాలన్న లక్ష్యంలో పోసమ్, ఎలుక, ముంగిసలా ఉండే స్టోట్ అన్నీ ఉన్నాయి, మీ ఒక్క ట్రాప్ లెక్క కూడా అందులో పనికొస్తుంది.

---

వేపచెట్టు_నీడ:

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు కానీ సంచిలో చూడాలి అన్న మాట రాసినందుకు థాంక్స్ అండి, చాలామంది ఆ సంగతి ఎత్తరు. వైకాటో గారూ, మీది హామిల్టన్ వైపు అయితే రేకు చుట్టే పనికి నేను వచ్చి సాయం చేస్తా, ట్రాప్ దగ్గరికి మాత్రం రాలేను.

---

వైకాటో_తోట:

తప్పకుండా రండి, హామిల్టన్‌కి దగ్గరే. పక్కింటి పెద్దాయన దగ్గర చెట్టుకి కట్టే ట్రాప్ ఇంకోటి ఉందట, ఇస్తానన్నారు. ఈ రాత్రి నుంచి ఊరికే ఆపిల్ పెట్టి చూస్తాం, చ్యూ కార్డ్ ఫోటో రెండు మూడు రోజుల్లో పెడతాను, గుర్తులు సరిగ్గా చదివానో లేదో చూసి చెప్పండి.